1976 నాటి జపాన్ లెస్ పాల్ కాపీ: బ్రిడ్జి పికప్ రింగు విరిగింది, ఏ కొత్త రింగూ కుదరట్లేదు. కొనాలా, చేసుకోవాలా?

రాగిరేకు:

అందరికీ నమస్కారం. నేనుండేది మిషిగన్‌లో, కలమజూ పక్కన. గిటార్ల సంగతి తెలిసినవాళ్ళకి ఈపాటికే నవ్వొచ్చుంటుంది. లెస్ పాల్ ఎలక్ట్రిక్ గిటార్ల కంపెనీ గిబ్సన్ వాళ్ళు 1984 దాకా గిటార్లు చేసిన ఊరు ఇదే. పార్సన్స్ వీధిలో ఉన్న ఆ పాత ఫ్యాక్టరీ మా ఇంటికి కారులో పావుగంట. అలాంటి ఊళ్ళో కూర్చుని, గిబ్సన్‌ని చూసి జపాన్ వాళ్ళు చేసిన కాపీకి ఒక ప్లాస్టిక్ ముక్క దొరక్క నాలుగు నెలలుగా దేవులాడుతున్నాను.

పోయిన వేసవిలో బ్యాటిల్ క్రీక్ దగ్గర ఒక గరాజ్ సేల్‌లో దొరికిందీ గిటారు. ఐబనేజ్ (జపాన్ కంపెనీ), లెస్ పాల్ ఆకారం, నెక్ (తీగలు నొక్కే పొడుగు మెడ) బోల్టులతో బిగించిన రకం. సీరియల్ నంబరు 'జి 76'తో మొదలవుతుంది, అంటే 1976 జులై (ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా వాళ్ళ లెక్క). అమ్మిన పెద్దాయన తమ్ముడిదట, బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన ఏళ్ళ తరబడి పడుందట. 260 అన్నాడు, బేరమాడితే 220 డాలర్లకి ఇచ్చాడు. ఇంట్లో 120 అని చెప్పాను. మా ఆవిడ ఇలాంటి చోట్లకి రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

తుడిచి, కొత్త తీగలు వేసి, స్విచ్‌లో కాస్త క్లీనర్ కొడితే బ్రహ్మాండంగా మోగింది. తీరా చూస్తే బ్రిడ్జి (తీగల కింది ఆసరా) దగ్గరి పికప్ (తీగల కదలికని పట్టే అయస్కాంతపు పెట్టె) చుట్టూ ఉండే రింగు రెండు మూలల్లో పగిలి ఉంది. ఒక మూల ముక్క లేనే లేదు. ఇంకో మూలలో స్క్రూ చుట్టూ వెంట్రుకంత చీలిక. నెక్ దగ్గరి రింగు మాత్రం చెక్కుచెదరలేదు. పాత వెన్నపూస రంగు, అంచుల్లో కొంచెం తేనె రంగు తిరిగింది.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళ కోసం ఒక్క మాట. ఈ రకం గిటార్లలో పికప్పుని చెక్కకి నేరుగా బిగించరు. దానికి అటూ ఇటూ రెండు చెవులుంటాయి, వాటిలోంచి రెండు పొడుగు స్క్రూలు, స్ప్రింగులతో రింగుకి వేలాడుతుంది. రింగేమో నాలుగు మూలల్లో చిన్న స్క్రూలతో చెక్కకి కూర్చుంటుంది. కిటికీ చట్రం లాంటిదన్నమాట. చట్రం ఊగితే అద్దం గలగలలాడినట్టే, రింగు ఊగితే పికప్పు ఊగుతుంది. నాకు అన్నిటికంటే లావుపాటి 'ఇ' తీగ గట్టిగా కొట్టినప్పుడల్లా సన్నగా ఒక గరగర వస్తోంది.

ఇంతవరకూ నేను చేసిన ఘనకార్యాలు ఇవీ.

ముందు ఇక్కడ ఆన్‌లైన్‌లో 'స్టాండర్డ్ హంబకర్ రింగు' (హంబకర్ అంటే రెండు తీగచుట్టల పికప్పు) అని ఉన్నది తెప్పించాను. బయటి కొలత దాదాపు సరే, 90 బై 45 మి.మీ. అటూ ఇటుగా. కానీ స్క్రూ బెజ్జాలు నా గిటారు బెజ్జాలకి పొడుగులో మిల్లీమీటరు పైన తేడా. రెండు స్క్రూలు ఎక్కితే మిగతా రెండూ ఎక్కవు. సరే, ఇంకో చోట 'మెట్రిక్' అని ఉన్నది తెప్పించా. బెజ్జాలు కొంచెం దగ్గరికొచ్చాయి గానీ కుదరలేదు. పైగా దాని అడుగు బల్లపరుపు. నా గిటారు పైభాగమేమో ఉబ్బెత్తు. పెట్టి చూస్తే మధ్యలో ఆని, మూలలు గాల్లో ఉన్నాయి.

రెండో ఘనకార్యం ఇంకా గొప్పది. మొదటి రింగుతో వచ్చిన కొత్త పొడుగు స్క్రూలు తళతళలాడుతుంటే ముచ్చటేసి, పికప్పు చెవిలోకి తిప్పాను. మూడు చుట్లు వెన్నలా వెళ్ళింది. నాలుగో చుట్టుకి బిగుసుకుంది. 'కొత్తది కదా, బిగుతుగా ఉంటుంది' అనుకుని ఇంకో అరచుట్టు తిప్పాను. ఆ 'టిక్' అన్న శబ్దం ఇంకా చెవిలోనే ఉంది.

ఇప్పుడు నా ముందు మూడు దారులు. ఒకటి, గిటారులోని పాత బెజ్జాలు పుల్లలు, జిగురుతో పూడ్చి కొత్తవి వెయ్యడం. రెండు, అప్పటి అసలు రింగు ఎక్కడైనా వెతకడం. మూడు, సొంతంగా చేసుకోవడం. నా దగ్గర వెర్నియర్, చిన్న చేతి డ్రిల్లు, ఒక డ్రెమెల్ (చేత్తో పట్టుకునే చిన్న తిరుగుడు యంత్రం) ఉన్నాయి. చేతి నైపుణ్యం గురించి పైన రాసిందే సాక్ష్యం. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఎడిసన్ అన్న:

తమ్ముడూ, మొదటి దారే పట్టు. అది కాపీ గిటారు, మ్యూజియం సరుకు కాదు. టూత్‌పిక్ పెట్టి, జిగురు పోసి, మిల్లీమీటరు పక్కన బెజ్జం వేసేయ్. పది నిమిషాల పని.

అసలు రింగుల పిచ్చి ఎంత దూరం పోతుందో నాకు తెలుసు, ఆ రోగం నాకుంది కాబట్టే చెప్తున్నా. 1957లో గిబ్సన్ ఇంజనీరు సేథ్ లవర్ చేసిన హంబకర్లు లెస్ పాల్ మీదకి వచ్చినప్పటి గిబ్సన్ రింగుల అడుగున 'ఎం-69' అని అచ్చు ఉంటుంది. దాని పక్కన నెక్ దానికి 'ఎం.ఆర్. 490', బ్రిడ్జి దానికి 'ఎం.ఆర్. 491'. ఆ నాలుగు అక్షరాల కోసం జనం పోసే డబ్బుతో నువ్వు నీలాంటి గిటార్లు ఇంకో రెండు కొనుక్కోవచ్చు. ఆ అక్షరాలతో సహా దొంగవి పోతపోసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి నేను కూడా బోల్తాపడ్డాను, ఎవరి దగ్గరో చెప్పను, సిగ్గు. వాయించుకునే గిటారుకి ఇదంతా అనవసరం.

సికింద్రాబాద్ సోల్డర్:

ఎడిసన్ అన్నా, నీ మాటకు అడ్డం వస్తున్న, ఏమనుకోకు. రాగిరేకు తమ్మీ, ఆ డ్రిల్లు జెర పక్కకు పెట్టు. గిటారుకు ఒక్క బెజ్జం గూడ కొత్తగ వెయ్యకు.

ఎందుకో చెప్త. గా కాలం బోల్టు నెక్ కాపీలల్ల శానా వాటికి పైన ఉబ్బు కనిపిస్తది గాని, అది గట్టి మేపుల్ చెక్క కాదు. ప్లైవుడ్‌ను అచ్చుల పెట్టి వంచిన రేకు, కింద అంత బోలు. పికప్పు తీసినంక ఆ గూట్లెకు చిన్న అద్దం పెట్టి, ఫోన్ లైటు కొట్టి చూడు. బోలు కనవడ్తె నీ స్క్రూకు పట్టు దొరికేది ఆ ప్లై మందంలనే, కొన్ని మిల్లీమీటర్లు. పాత బెజ్జానికి మిల్లీమీటర్ పక్కన ఇంకోటి వేస్తె రెండు గలిసి పొడుగు రంధ్రమైతది. అప్పుడు ఏ పుల్ల పెట్టినా నిలవదు. నా దగ్గరికి వచ్చిన ఒక గిటారుకు ఎవరో మహానుభావుడు మూలకు మూడు బెజ్జాలు వేసి, ఆఖరికి ఫెవిక్విక్ పోసి అంటించిండు. అది తియ్యనీకి నాకు రెండు రోజులు పట్టింది, పాలిష్ గూడ లేచొచ్చింది. గోటితోని పోయేదానికి గొడ్డలెందుకు?

బెజ్జం జరపాలంటె గిటారుల కాదు, రింగుల జరుపు. రింగు పోతె ఇంకోటొస్తది.

ముందు నీ కొత్త రింగు ఏం ప్లాస్టికో చూడు. అడుగున కనవడని జాగల ఇయర్‌బడ్‌తోని ఒక చుక్క అసిటోన్ పెట్టు. కొంచెం సేపాగి గోరు ఆనిస్తె జిగటగ అంటుకుంటదంటె ఏబీఎస్ (ఒక గట్టి ప్లాస్టిక్ రకం) అనుకోవచ్చు. అదే రకం ప్లాస్టిక్ తురుము కొద్దిగంత గాజు సీసల ఏసి, మునిగేటంత అసిటోన్ పోసి మూత పెట్టు. తెల్లారేసరికి పెరుగు లెక్క అయితది. దాన్ని పుల్లతోని రింగు బెజ్జాలల్ల నింపు, పైకి కొంచెం ఉబ్బెటట్టు పెట్టు, ఎందుకంటె ఎండితె గుంజుకపోతది. ఒక్కసారి కాదు, రెండు మూడు సార్లు నింపాలె. మూడు రోజులు ముట్టకు. పైన ఎండినట్టు కనిపిస్తది గాని లోపల మెత్తగనే ఉంటది, తొందరపడి డ్రిల్ పెడితె పీచు లెక్క ఊడొస్తది. గట్టిపడ్డంక గీకి, కొత్త జాగల బెజ్జం వెయ్యి. స్క్రూ తల కింద సగం అతుకు దాగుతది.

ఒక జాగ్రత్త. గిటారు ఉన్న బల్ల మీద అసిటోన్ సీస మూత తియ్యకు. ఒక చుక్క పడితె ఆ పాలిష్ గతి అంతే. కిటికీ తెరుసుకో, దీపం, అగర్‌బత్తి దగ్గర ఉండొద్దు.

కొలత ఎట్ల తీసుకున్నవ్? బెజ్జం నడుమ నుంచి బెజ్జం నడుమకు అంటె కన్ను మోసం చేస్తది. ఒక బెజ్జం ఎడమ అంచు నుంచి ఇంకోదాని ఎడమ అంచుకు కొలువు, అదే నడుమల దూరం. అదీ కాదంటె గిటారు మీద సన్నటి కాయితం పరిచి పెన్సిల్‌తోని రుద్దు, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద రుద్దినట్టు. నాలుగు బెజ్జాలు నల్లగ దిగుతయి. కాయితం అబద్ధం చెప్పదు.

ఇగ అడుగు వంపు. నీ రింగు పగిలింది ఎందుకనుకున్నవ్? వంపు మీద వంపు లేనిది కూసోబెట్టి, మూలలు ఆనేదాక స్క్రూలు బిగిస్తె ఎన్నడో ఒకనాడు మూల ఇచ్చుకపోతది. గిటారు మీద, రింగు కూసునే జాగల పెయింటర్లు వాడే టేపు రెండు వరుసలు అంటించు. దాని మీద 120 నంబరు సాండ్‌పేపర్ గరుకు పైకి ఉండేటట్టు ఇంకో టేపుతోని బిగించు. రింగు అడుగున పెన్సిల్‌తోని గీతలు గీసి, ఆ పేపర్ మీద వేలెడంత దూరం అటు ఇటు రుద్దు. గీతలు నడుమల నుంచి చెరిగిపోతయి. మూలలల్ల గీతలు గూడ చెరిగిన్నాడు నీ గిటారు వంపే రింగుకు వచ్చినట్టు. గంటన్నర పడతది, టీ పెట్టుకో.

నీ స్క్రూ సంగతి. అమెరికా రింగులతోని వచ్చేది 3-48 మర. లావు 2.5 మిల్లీమీటర్లే, అంగుళానికి 48 చుట్లు. నీ పికప్పుది మిల్లీమీటర్ల మర. 2.5 స్క్రూ అనుకో, దాని చుట్టుకు చుట్టుకు నడుమ 0.45, అమెరికా దానికి 0.53. లావు ఒక్కటే గాబట్టి మూడు చుట్లు దోస్తు లెక్క పోతది, తర్వాత కొట్లాటే. పాత స్క్రూలు పారేసినవా?

రాగిరేకు:

అన్నా, దండం. అద్దం పెట్టి చూశా. లోపల బోలే! పైన ప్లై పొరలు లెక్కపెట్టగలిగేలా కనిపిస్తున్నాయి. డ్రిల్లు బీరువాలో పెట్టేశాను. పాత స్క్రూలు ఉన్నాయి, మాత్రల డబ్బాలో దాచా. సాండ్‌పేపర్ అంటే మా గుంటూరు వైపు ఉప్పు కాగితం. అది కూడా తెచ్చాను.

రంగు మాత్రం దిగులుగా ఉంది. కొత్త రింగు పాలమీగడలా ఉంది, పాతది నెయ్యిలా ఉంది. టీ డికాషన్‌లో నానబెట్టమని ఎక్కడో చదివి ఒక రాత్రంతా ఉంచా. రింగుకి టీ వాసన వచ్చింది, రంగు రాలేదు.

నగోయా నాని:

నమస్కారమండి. నేను నగోయాలో ఉంటాను. ఐబనేజ్ యజమానులు హోషినో గక్కి వాళ్ళది ఈ ఊరే. ఆ రోజుల్లో గిటార్లు మాత్రం ఎక్కువగా మత్సుమోతోలో ఫుజిగెన్ చేసేది. ఇక్కణ్ణుంచి రైల్లో రెండు గంటలు.

అసలు రింగు కావాలంటే 'ఐబనేజ్ రింగు' అని వెతికితే లాభం లేదండి. అప్పట్లో ఒకే ఫ్యాక్టరీ చాలా పేర్లకి గిటార్లు చేసేది, విడిభాగాలు కూడా ఇక్కడివే. ఇక్కడ హార్డ్ ఆఫ్ అని పాత సామాన్ల షాపులుంటాయి. వాటిలో 'జంక్' అని రాసిన నీలం బుట్టలుంటాయి. పనిచేస్తుందో లేదో హామీ లేదు, తిరిగి తీసుకోరు. తీగల్లేని, నెక్ వంగిన గిటార్లు అందులో పడుంటాయి. శనివారం ఓసు వైపు వెళ్ళినప్పుడు రెండు షాపులు చూశాను. ఒక పేరులేని కాపీ మీద మీ ఫోటోలో ఉన్నలాంటి రింగులే ఉన్నాయి, అడుగున వంపు కూడా ఉంది. కానీ నల్లవి. బ్రిడ్జి దాన్ని తీసి ఉంచాను, మీరు ఊఁ అంటే పంపిస్తాను.

ఇంకో మాట. ఇక్కడి పాత స్క్రూల తలలు ప్లస్ గుర్తులాగే ఉంటాయి కానీ అవి జిస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ గాడిలో పూర్తిగా దిగదు, తిప్పగానే పైకి జారి తలని కొరికేస్తుంది. జిస్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి. యాభై ఏళ్ళ స్క్రూ తల ఒకసారి అరిగిపోతే మళ్ళీ రాదు.

ఫిలమెంట్ బాబు:

నేను త్రీడీ ప్రింట్ చేసిస్తా బ్రో, కొలతలు పంపు. నేను ఇలాంటివి ఇంతవరకు ఆరు చేశాను. మొదటి రెండూ తప్పు, కాబట్టి నాలుగు అనుకో.

పీఎల్ఏ ప్లాస్టిక్ మాత్రం వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మా బావ గిటారుకి ఏప్రిల్‌లో చేసిచ్చాను, విజయవాడలో మధ్యాహ్నం కారు డిక్కీలో పెట్టాడు. సాయంత్రానికి రింగు అప్పడంలా వంకర తిరిగింది, స్ప్రింగు పికప్పుని ఒక పక్కకి తోసేసింది. ఏబీఎస్ అయితే వంద డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

ప్రింట్ చేసేటప్పుడు రింగుని బోర్లా పెట్టాలి, పై ముఖం గాజు పలక మీద ఆనేలా. అప్పుడు కనబడే వైపు నున్నగా వస్తుంది, అడుగు వంపు పైకి ఉంటుంది కాబట్టి కింద ఆసరాలు కట్టక్కర్లేదు. బ్రిడ్జి రింగు రెండు పొడుగు అంచుల ఎత్తూ ఒకటి కాదు, బ్రిడ్జి వైపుది ఎత్తు. తీగలు అటు వెళ్ళేకొద్దీ పైకి లేస్తాయి కదా. ఆ రెండు ఎత్తులూ విడివిడిగా కొలిచి పంపు. నా మొదటి తప్పు అదే.

కానీ నిజం చెప్పాలంటే పక్కల పొరల గీతలు కనిపిస్తాయి. ఉప్పు కాగితంతో ఎంత రుద్దినా వెలుతురు పక్క నుంచి పడితే దొరికిపోతావు. తాత్కాలికంగా వాడుకోవడానికి బావుంటుంది.

సికింద్రాబాద్ సోల్డర్:

టీ ముచ్చట మంచిగుంది తమ్మీ, నవ్వొచ్చింది. టీ రంగు బట్టకు పడతది, ఎముకకు పడతది. ఏబీఎస్‌కు ఎక్కదు. ఫ్రెంచ్ పాలిష్‌కు వాడే లక్క రేకులు తెల్సుగద, స్పిరిట్ల నానబెట్టేటియి. అండ్ల ముదురు తేనె రంగుది తీసుకో, పల్చగ కలిపి మెత్తటి బట్టతోని ఒక్కొక్క పూత తుడువు. పూతకు పూతకు నడుమ అరగంట. నచ్చకపోతె స్పిరిట్‌తోని తుడిచేస్తె పోతది, అదే దాని సుఖం. అంచులకు ఒక పూత ఎక్కువ వెయ్యి, చెయ్యి ఆనే జాగల తక్కువ.

రాగిరేకు (మూడు వారాల తర్వాత):

పని అయిపోయింది. అడిగి వదిలేసి మాయమయ్యేవాళ్ళలో నన్ను కలపొద్దని వివరంగా రాస్తున్నా.

'మెట్రిక్' రింగు ఏబీఎస్ అని తేలింది. తురుము కోసం ఏ ప్లాస్టిక్ వాడాలా అని ఇల్లంతా వెతుకుతుంటే మా అమ్మాయి లెగో డబ్బా కనబడింది. లెగో ఇటుకలు ఏబీఎస్సే. అందులో ఇసుక రంగువి ఉన్నాయి, రింగుకి కావలసిన రంగుకి దగ్గర. రెండు ఇటుకలు బ్లేడుతో గీకి సీసాలో వేశా. తెల్లారేసరికి అన్న చెప్పినట్టే గడ్డపెరుగు. నాలుగు బెజ్జాలూ నింపాను. మూడు రోజులన్నారు, నేను రెండో రోజే ఆగలేక సూదితో గుచ్చి చూశా. పైన పెంకు, లోపల జున్ను. మళ్ళీ నింపి ఈసారి ఐదు రోజులు వదిలేశాను.

కాగితం మీద పెన్సిల్ రుద్ది తీసిన అచ్చుని రింగు మీద అంటించి, 2 మి.మీ. డ్రిల్లు బిట్టుని మోటారు లేకుండా చేత్తోనే తిప్పుతూ వేశాను. ఒక్కో బెజ్జానికి ఐదు నిమిషాలు. తర్వాత స్క్రూ కాండానికి సరిపడా పెద్దది చేశా. స్క్రూలు పాతవే, జిస్ డ్రైవర్‌తో. ఎక్కించే ముందు కాండానికి కొవ్వొత్తి మైనం రాశా. నాలుగూ నాలుగు బెజ్జాల్లోకి వేళ్ళతో తిప్పుతుంటేనే దిగాయి. ఆ క్షణాన నాలుగు నెలల విసుగు పోయింది.

అడుగు వంపుకి గంటన్నర కాదన్నా, నాకు మూడు గంటలు పట్టింది. ఒక మూల పెన్సిల్ గీత ఎంతకీ చెరగలేదు. చూస్తే ఆ మూల కింద టేపు మడత పడింది. టేపు మార్చి మళ్ళీ మొదలు. ఇప్పుడు రింగు కింద పలచటి విజిటింగ్ కార్డు కూడా దూరదు. గరగర పూర్తిగా పోయింది.

పికప్పు చెవిలో మర కొంచెం తిన్నది. పాత స్క్రూనే నూనె చుక్క వేసి, పావు చుట్టు ముందుకి, పావు వెనక్కి తిప్పుతూ పోతే దారి మళ్ళీ దొరికింది. అదృష్టం, నా తెలివి కాదు.

రంగు దగ్గరే కాస్త తేడా మిగిలింది. లక్క ఐదు పూతలు వేశా. ఇంట్లో బల్బు వెలుగులో రెండు రింగులూ కవలల్లా ఉన్నాయి. కిటికీ దగ్గరికి తీసుకెళ్తే కొత్తది ఒక పిసరు పచ్చగా కొడుతోంది. ఆరో పూత వెయ్యలేదు.

బాబు బ్రో, నీకు కొలతలు పంపాను, ఒకటి ప్రింట్ చేసి ఉంచు. ఎడిసన్ అన్నా, బెజ్జం వెయ్యలేదు, కోప్పడకు. లెగో ఇటుకల సంగతి అమ్మాయికి తెలిసిపోయింది. అవి ఏదో కోట గోడలోవట, రెండింటికి బదులు పెద్ద పెట్టె కొనాల్సొచ్చింది. ఈ లెక్కన రింగు ఖరీదు గిటారులో మూడో వంతు తేలింది, అది కూడా ఇంట్లో చెప్పిన 120 ప్రకారం.

నాని గారూ, ఆ నల్ల రింగు పడెయ్యకండి, పంపండి. ఫర్నేస్ పెద్దాయన నిన్న ఫోన్ చేశాడు. తమ్ముడిది ఇంకో గిటారు అటక మీద కనబడిందట, నల్లదట.